ఆషర్‌ను తెచ్చింది ఎవరు?

వెస్ట్ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
2024 సెప్టెంబర్ 16

ఒరే సత్యా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూసి భవాని కంగారు పడింది. "ఈ రోజుల్ల ఉత్తరమెవరు రాస్తరు? ఏమైందో ఏమో, జెర జల్ది విప్పుండ్రి" అంది. విప్పితే ఏముంది? 'ఇకనుంచి ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందాం' అని నాలుగు వాక్యాలు.

నువ్వు గోవా వెళ్లిన దగ్గరనుంచి, ఇరవై ఆరేళ్లుగా, ఆదివారం ఆట అయిపోగానే నీకు ఫోన్ చేస్తున్నాను. మొన్న జనవరి నుంచి ఒక్కసారి కూడా నీ గొంతు వినలేదు. ఎప్పుడు చేసినా శ్రీలలిత చెల్లెమ్మ ఎత్తి "ఆయనకు గొంతు పట్టేసింది అన్నయ్యా" అంటుంది. తొమ్మిది నెలలు పట్టేసే గొంతు ఏం గొంతురా అది? వాట్సాప్‌లో రాస్తే మన అభిమానుల గ్రూపులో పెట్టేస్తానని భయమన్నావు. అది మాత్రం నిజం. పెడతాను. అందుకే ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన ఈ చేత్తో పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

మన ఫుట్‌బాల్ క్లబ్బు స్పోర్టింగ్ సంగతి చెప్పాలంటే ఏడుపొస్తుంది. ఆరు ఆటల్లో నాలుగు ఓడిపోయాం. ఈ ఏడాది కొత్తగా ముగ్గురిని తెచ్చారు. కేరళ గోల్‌కీపర్ కార్నర్ కిక్ వస్తే కళ్లు మూసుకుంటాడు. పుణె డిఫెండర్ మహా మర్యాదస్తుడు, ఎవరొచ్చినా దారి ఇస్తాడు. మూడోవాడు మన ఆషర్. మెట్టుగూడ ప్రిసిల్లా టీచర్ కొడుకు. పంతొమ్మిదేళ్లప్పుడు మీ గోవా వచ్చి, అక్కడ ఎనిమిదేళ్లు ఆడి, ఇన్నాళ్లకు ఇంటికొచ్చాడు. వాడొస్తే గోల్సే గోల్స్ అనుకున్నాం. ఇప్పటికి ఒక్కటీ లేదు. నాలుగడుగులు ఉరికి ఆగిపోతాడు.

ఆదివారం ఆట అయ్యాక చాయ్ హోటల్లో పెద్ద పంచాయితీ. లక్ష్మణ్ కోచ్ మీద పడ్డాడు. "బంతే అందిస్తలేరు, ఆషర్ గోల్ ఎట్ల కొడ్తడే?" అని. బిక్షం ఊరుకుంటాడా? "కోచ్ ఏం జేస్తడు? కుళ్లిన టమాటలిచ్చి పప్పు జెయ్యమంటే ఎట్ల? తెచ్చినోన్ని అడుగుండ్రి" అన్నాడు. నాదీ అదే మాట. ఆటగాళ్లను తెచ్చేది సెక్రటరీ. పద్మనాభం గారికి డెబ్బై నాలుగేళ్లు, చూపు ఆనడం లేదు, కుర్చీ మాత్రం వదలడు. తప్పు ఆయనదే.

నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఆషర్ ఆట చూసే ఉంటావు. నువ్వు చెప్పు, ఎవరిది తప్పు? నువ్వు లేకుండా ఓడిపోవడం చాలా కష్టంగా ఉందిరా. మెట్ల మీద నీ చోట్లో ఇప్పటికీ తువ్వాలు వేసి ఎవరినీ కూర్చోనివ్వను. మొన్న ఒకాయన "ఎవరొస్తరు సార్ ఇక్కడ?" అని అడిగాడు. వస్తడు అన్నాను.

నీ
హరికిషన్


మడ్‌గావ్, గోవా
2024 అక్టోబర్ 2

ప్రియమైన హరీ,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివి పెట్టమని శ్రీలలితకు ఇచ్చాను. నీ మాటలు ఆవిడ గొంతులో వింటే నవ్వొచ్చింది. తెలంగాణ మాట ఆవిడ తెనాలి నోటికి పలకదు కదా. "జెర జల్ది" అన్నచోట ఆగిపోయి తనే నవ్వింది.

ఇక్కడ వానలు ఇంకా తగ్గలేదు. పడవల యార్డులో డ్రాయింగులు గీసే పని మార్చిలోనే మానేశాను. రోజంతా వరండాలో కూర్చుంటాను. ఈ ఊరు నాకు అన్నం పెట్టింది, దీన్ని ఒక్క మాట అనను. కానీ కళ్లు మూసుకుంటే మన సిమెంటు మెట్లే. ఆట మధ్యలో రైలు వెళ్తుంటే డ్రైవరు వేగం తగ్గించి, స్కోరెంతని చేత్తో అడిగేవాడు, గుర్తుందా? మనం వేళ్లు చూపించేవాళ్లం. మనది సున్నా అయితే చేతులు వెనక్కి దాచుకునేవాళ్లం.

ఆషర్ ఆట చూశాను. ఒకసారి కుడి పక్క నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి వాడు లేచాడు. లేచి, ఒక్క క్షణం అక్కడే ఆగినట్టు అనిపించింది. తలతో తాకించాడంతే. గోల్‌కీపర్ కదలనైనా కదల్లేదు. పక్కనున్న గోవా ముసలాయన "మీ ఊరి పిల్లాడేనా?" అంటే నా ఛాతీ ఎంత వెడల్పయిందో నీకు చెప్పలేను. అలాంటివాడు ఆటే రానివాడు కాదు హరీ.

పద్మనాభం గారి జోలికి పోవద్దు. ఆరో క్లాసులో మనిద్దరినీ టికెట్ లేకుండా గేటు లోపలికి వదిలిన మనిషి ఆయన. ఆటగాణ్ణి తేవడంలో ఎన్నో చేతులుంటాయి. ఒక్కడి మీద రాయి వేయడం తేలిక. ఈ సీజన్ అయ్యేదాకా ఆగు. నా మాట విను.

భవాని చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
సత్యదేవ్


వెస్ట్ మారేడ్‌పల్లి
2024 నవంబర్ 4

సత్యా,

నీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను.

దసరా తర్వాత వరుసగా మూడు ఆటలు పోయాయి. ఆషర్ మోకాలు ఫిబ్రవరిలో గోవాలోనే దెబ్బతిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. మూడోదాంట్లో వాడు పెనాల్టీ కొట్టబోయి జారి కూర్చున్నాడు. మెట్ల మీద జనం నవ్వారు. తల్లి ప్రిసిల్లా టీచర్ అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. అది చూశాక నాకు కోపం ఆగలేదు. ఇంత మంచి పిల్లాణ్ణి ఇలా నవ్వులపాలు చేసిందెవరు? పద్మనాభం గారేనని గ్రూపులో రాశాను. మర్నాటికి రెండు వందల మంది నా వెనక. ఆయన ఆటగాళ్ల ఏజెంటుతో లాలూచీ అయ్యాడని ఎవరో పుట్టించారు. అది నేననలేదు. అయితే కాదని కూడా అనలేదు. బ్యానర్ నేనే రాయించాను: 'పద్మనాభం, ఇక చాలు.'

పోయిన ఆదివారం క్లబ్ ఆఫీసుకు వెళ్లాం. ఒక నలభై మందిమి ఉంటాం. ఆయన కుర్చీలో కూర్చుని పిల్లలు కాళ్లకు కట్టుకునే షిన్‌గార్డులకు ఊడిపోయిన పట్టీలు కుడుతున్నాడు. బిక్షం గట్టిగా అడిగాడు: "ఆషర్‌ని ఎవరిని అడిగి తెచ్చిండ్రు సార్? మోకాలు జూసిండ్రా? ఆట జూసిండ్రా?"

ఆయన సూది పక్కన పెట్టి, "నేను చూడలేదయ్యా. నాకొక ఉత్తరం వచ్చింది, నమ్మాను" అన్నాడు.

"ఎవరు రాసిండ్రు? తియ్యుండ్రి, జూద్దాం."

"అది నాకు రాసిన ఉత్తరం. మీకు కాదు."

"లేని ఉత్తరం ఎక్కడికెల్లి తెస్తడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నా వైపు చూశాడు. ఇంకెవరి వైపూ చూడలేదు, ఎందుకో. తర్వాత తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లు నడుముకు వేలాడిన గుత్తి. "కొత్తవాళ్లకు స్టోర్ రూమ్ తాళం కొంచెం ఎత్తి తిప్పాలని చెప్పండి" అని, సంచీ పట్టుకుని ఎంఎంటీఎస్ రైలు కోసం నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గెలిచాం కదా. చాయ్ తాగాం, ఫోటోలు దిగాం. ఇంటికొచ్చాక భవాని అడిగింది: "మరి ఇప్పుడు గోల్స్ పడ్తయా?"

ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, నీ మాట గుర్తొచ్చి పెట్టేశాను. నీతో మాట్లాడితే ఈ బరువు దిగుతుంది. ఏందిరా నీ తక్లీఫ్? ఎందుకు ఎత్తవు?

హరి


మడ్‌గావ్
2024 నవంబర్ 15

హరీ,

ఆ ఉత్తరం నాది.

ఈ మాట తర్వాత నువ్వు చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను. కానీ చదువు, ఎందుకంటే నిన్ను ఒక పని అడగాలి.

పోయిన డిసెంబర్‌లో నాకు గొంతులో క్యాన్సర్ అని చెప్పారు. జనవరిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాంతోనే ఊపిరి పీలుస్తాను. జబ్బు మళ్లీ రాలేదు, మొన్న పరీక్షలు బాగున్నాయి, దాని గురించి భయపడకు. మాట మాత్రం లేదు. ఇంట్లో పలక మీద రాసి చూపిస్తాను. శ్రీలలిత నీతో అబద్ధం ఆడలేక ఆడలేక 'గొంతు పట్టేసింది' అనేది. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లిపోయేది.

నీకెందుకు చెప్పలేదు? మన మెట్ల మీద మొదటి కేక ఎవరిది హరీ? నేను "స్పోర్టింగ్!" అంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నీకు నేనంటే ఆ గొంతే. అది పోయిందని తెలిస్తే నా గురించి తలుచుకోవడానికి నీకేం మిగులుతుందనిపించింది. పిచ్చి ఆలోచనే. కానీ ఆ రోజుల్లో అది పిచ్చిగా అనిపించలేదు.

మే నెలలో పద్మనాభం గారు ఉత్తరం రాశారు. 'ఆషర్ ఇంటికి రావాలని అడుగుతున్నాడు. ఈ సంవత్సరం అతని ఆట చూశావా? నువ్వు సరే అంటే సంతకం పెట్టిస్తాను' అని. నేను ఆఖరిసారి చూసింది అంతకు ముందు నవంబర్‌లో. నీకు రాసిన ఆ గోల్ అప్పటిదే. ఆపరేషన్ తర్వాత గ్రౌండు వైపు వెళ్లలేదు. అంతమంది అరుస్తుంటే నోరు తెరిచి కూర్చోలేక. చూడలేదని రాస్తే, ఎందుకు చూడలేదని అడుగుతారు. అందుకని 'ప్రతి ఆదివారం చూస్తున్నాను, కుర్రాడు ఇంకా పదునెక్కాడు' అని రాసేశాను. ఫిబ్రవరిలో వాడి మోకాలు దెబ్బతిన్న సంగతి నాకు తెలియదు. ఒక్క ఆదివారం వెళ్లి ఉంటే తెలిసేది.

ఇంకో నిజం కూడా ఉంది. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు నాకు వాడి మోకాలూ గోల్సూ ఏవీ గుర్తులేవు. వాడు సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి మెట్టుగూడ వైపు నడిచి వెళ్తున్నట్టు కనిపించింది. నేను వెళ్లలేని చోటుకు నా తరఫున వాడు వెళ్తున్నట్టు.

పద్మనాభం గారు నా పేరు చెప్పలేదు. తాళాలు వదిలేశారు కానీ నా పేరు చెప్పలేదు.

నేను అడిగే పని ఇది. ఈ ఉత్తరాన్ని చాయ్ హోటల్లో అందరి ముందూ చదువు. మొత్తం. గొంతు సంగతితో సహా. కావాలంటే గ్రూపులో పెట్టు. బ్యానర్ మీద నా పేరు రాయించు. తర్వాత మల్కాజ్‌గిరి వెళ్లి ఆయన్ని కలువు.

నన్ను క్షమించమని అడగను. నీకు తోచినప్పుడు రాయి.

సత్య


వెస్ట్ మారేడ్‌పల్లి
2024 డిసెంబర్ 9

సత్యా,

ఇన్ని రోజులు రాయనిది కోపం వల్ల. ముందు ఆషర్ విషయంలో అనుకున్నాను. కాదు. పదకొండు నెలలు నువ్వు ఒక్కడివే ఆసుపత్రులకు తిరిగావు, నేను ఇక్కడ కూర్చుని 'ఏం గొంతురా అది' అని వేళాకోళం రాశాను. నా చేత ఆ మాట రాయించావు. దానికి నిన్ను క్షమించడానికి ఇరవై రోజులు పట్టింది. భవాని రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు "మీరు పోవాలె, ఇంకేం రాస్తరు" అంది.

నువ్వు చెప్పిన వరస మార్చాను. ముందు మల్కాజ్‌గిరి వెళ్లాను. తలుపు తీసింది ఆషర్. ఆశ్చర్యపోయాను. పద్మనాభం గారి హాల్లో చాప వేసుకుని మోకాలికి వ్యాయామం చేస్తున్నాడు. వారానికి మూడు రోజులు ఆయనే దగ్గరుండి చేయిస్తున్నాడట. నన్ను చూడగానే కుర్రాడు లోపలికి వెళ్లబోయాడు. ఆయన ఆపాడు. "కూర్చో ఆషర్. హరీ, నువ్వూ కూర్చో. టీ తాగుతావు కదా?"

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు.

"ఆగస్టులోనే తెలిసిందయ్యా నాకు" అన్నాడు. "మోకాలి సంగతి కనుక్కుందామని గోవా క్లబ్బుకు ఫోన్ చేశాను. మాటల్లో సత్యదేవ్ గురించి అడిగితే, ఆయన గ్రౌండుకు వచ్చి చాలా కాలమైందన్నారు. ఆట లేకపోతే ఉండలేని మనిషి ఆటకు పోవడం మానేశాడంటే చిన్న కష్టం కాదు. చెప్పుకోలేని కష్టం అనుకున్నాను. నేను ఆ ఉత్తరం బయట పెడితే నువ్వు ఏం చేసేవాడివో నాకు తెలుసు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అయినా తప్పు సత్యదేవ్ ఒక్కడిదే కాదు" అన్నాడు ఆయన. "డాక్టరు పరీక్ష చేయించాలి, నేను చేయించలేదు. మన పిల్లాడే కదా అనుకున్నాను."

అప్పుడు ఆషర్ అన్నాడు, తల ఎత్తకుండా: "చేపిస్తే దొరికిపోతుండె అంకుల్. నేను సుత చెప్పలే. నొప్పి ఉండె. ఒక్క సీజనన్న అమ్మ ముంగట ఆడాలనుకున్న. ఎనిమిదేండ్లాయె, ఆమె నా ఆట ఫోన్లనే చూసింది."

సత్యా, ఇక్కడ నేనూ ఒకటి చెప్పాలి. నీకు రాయలేదు. ఏప్రిల్‌లో 'ఆషర్‌ను ఇంటికి తెండి' అని నాలుగు వందల సంతకాలు సేకరించి పద్మనాభం గారికి ఇచ్చింది మేమే. మొదటి సంతకం నాది. ఆ కాగితం ఆ రోజు ఆఫీసులో ఆయన బల్ల సొరుగులోనే ఉంది. బయటికి తీసి మా ముఖాన కొట్టొచ్చు. తీయలేదు. అందుకే ఆయన నా వైపు చూశాడు.

ఆదివారం హోటల్లో నీ ఉత్తరం చదివాను. బస్సులో స్టాపుల పేర్లు అరిచిన గొంతు నాది, అయినా స్వరపేటిక అన్న మాట దగ్గర ఆగిపోయింది. లక్ష్మణ్ తీసుకుని మిగతాది చదివాడు. చివరికి బిక్షమే, "మనం సుత సంతకాలు పెట్టినం గదనే" అన్నాడు. అది చాలదన్నట్టు నేను లేచి, లాలూచీ మాట అబద్ధమని తెలిసీ ఊరుకున్నానని చెప్పాను. ఇద్దరు ముగ్గురు నన్ను తిట్టారు. తిట్టనిచ్చాను. గ్రూపులో మాత్రం నీ ఉత్తరం పెట్టలేదు. నా జీవితంలో గ్రూపులో పెట్టనిది అదొక్కటే.

అందరం కలిసి వెళ్లి మళ్లీ సెక్రటరీగా రమ్మంటే పద్మనాభం గారు ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్లు తిట్లు తిన్నాను. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని తిడతాను" అన్నాడు. పోయిన ఆట నిజంగానే వచ్చి కూర్చున్నాడు. నీ చోట్లో కూర్చోమన్నాను. నువ్వేమీ అనుకోవని తెలుసు.

స్పోర్టింగ్ రెండో డివిజన్‌కు పడిపోయింది. ఆషర్‌కు జనవరిలో ఆపరేషన్. మళ్లీ ఆడతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. అన్నిటికన్నా పెద్ద శిక్ష నాకు పడింది. కొత్త ఆటగాళ్లను ఎంచే కమిటీలో నన్ను వేశారు. "ఇగ నిన్ను తిడ్తం" అని బిక్షం మహా సంతోషంగా ఉన్నాడు.

ఈ నెల ఇరవై ఏడున వాస్కో వెళ్లే రైలెక్కుతున్నాను. వద్దనడానికి నీకు గొంతు లేదు. వద్దని ఉత్తరం రాసినా విప్పను.

నీ
హరి


మడ్‌గావ్
2025 జనవరి 4

హరీ,

నువ్వు వెళ్లి మూడు రోజులైంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, శ్రీలలిత రేడియో పెట్టుకుంది. నీ గొంతుకు అలవాటు పడి మామూలు నిశ్శబ్దం భరించలేకపోతున్నానని నవ్వుతోంది.

వచ్చిన రోజు నువ్వు మా గేటు దగ్గర నిలబడి నా మెడ వైపు చూడకుండా ఉండటానికి ఎంత తంటాలు పడ్డావో చూశాను. తర్వాత చూసేశావు. చూసి, "నొప్పి ఉంటదా?" అని అడిగావు. ఇంతవరకూ ఎవరూ అడగని మాట. అందరూ ఎలా ఉన్నావనే అడుగుతారు. లేదని తల ఊపితే, "మంచిది. అన్నం పెట్టమను చెల్లెమ్మను" అన్నావు. ఆ తర్వాత నాకు భయం లేదు.

ఏడాది తర్వాత నన్ను గ్రౌండుకు ఈడ్చుకెళ్లావు. వెనక్కి తిరుగుదామని గేటు దగ్గర నీ చొక్కా పట్టి లాగాను. నువ్వు ఆగలేదు. మీ కమిటీకి పనికొస్తారని ఆ రోజు మనం చూసిన ఇద్దరు కుర్రాళ్లలో ఎడమకాలి వాడే మంచివాడు. పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను, అయినా ఒప్పుకోలేదు. నీకు ఆ పొడుగువాడే నచ్చాడు. పొడుగువాడు అరగంటకే అలిసిపోతాడు, చూశావా లేదా? నేను రాస్తుంటే మధ్యలోనే నువ్వు జవాబు చెప్పేస్తున్నావు. రాయడం పూర్తి కానివ్వు. నా పక్కన కూర్చున్న ఆ గోవా ముసలాయన మనిద్దరినీ చూసి, "మీరెప్పుడూ ఇలాగే పోట్లాడుకుంటారా?" అని అడిగాడు. అవునని రాసి చూపించాను. ఆ కుర్రాళ్లిద్దరి విషయంలోనూ డాక్టరు పరీక్ష ముందు, సంతకం తర్వాత. ఈసారి నా మాట విను. నేను వాళ్లను ఈ నెలంతా ప్రతి ఆదివారం వెళ్లి చూసి రాస్తాను. నిజంగా వెళ్లి.

ఆషర్‌కు డిసెంబర్‌లోనే విడిగా రాశాను. వాడి గురించి అబద్ధపు ఉత్తరం రాసిన పెద్దమనిషిని నేనేనని, ఆపరేషన్ అయ్యాక ఏం చెప్పినా తలవంచుకుని వింటానని. జవాబు వచ్చింది. 'అంకుల్, ఆ గోల్ మీరు చూసిండ్రా నిజంగా?' అని ఒక్కటే అడిగాడు. చూశానని రాశాను. ఎలా కొట్టాడో మొదటి నుంచి చివరి దాకా రెండు పేజీలు రాశాను. ప్రిసిల్లా టీచర్‌కు చదివి వినిపించమన్నాను.

స్టేషన్‌లో నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ముందు రైలుతో సమానంగా, తర్వాత వెనకబడి. నువ్వు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి ఏదో అన్నావు. గట్టిగానే అన్నట్టున్నావు, ఎందుకంటే పక్కనున్నావిడ ఉలిక్కిపడి నీ వైపు చూసింది. చక్రాల చప్పుడులో నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టి అడిగాను, నువ్వు మళ్లీ అన్నావు. అప్పటికి దూరమైపోయావు.

మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఏమన్నావో రాయి.

నీ
సత్య